మూడో పిలుపుకి లేచేవాళ్లు

అమీర్‌పేట, హైదరాబాదు
9 నవంబరు 2003

గౌరవనీయులైన బావగారికి, లోవరాజు నమస్కారాలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. హాస్టల్ సాంబారు కూడా బాగానే ఉంది, అలవాటైతే.

ఒక శుభవార్త. మీరు మైకులో రైతుల్ని పిలిచే, చక్కెర మిల్లు వారి చెరకు కాటా యార్డుకి కంప్యూటర్ ప్రోగ్రాం రాసే పని మా కంపెనీకి వచ్చింది. నేను అనకాపల్లి వాణ్ణని తెలిసి నాకే అప్పగించారు. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఈ ప్రోగ్రాం యార్డులో సవ్యంగా నడిచి, మేనేజరు త్రినాధరావు గారు సంతకం పెడితే నా ఉద్యోగం ఖాయం. లేకపోతే పెట్టె సర్దుకుని రావడమే. డిగ్రీ అయ్యాక ఖాళీగా తిరిగినన్నాళ్లూ మన వీధి నన్ను ఎలా చూసిందో మీకు తెలుసు. ఎక్కువగా చూసింది మీరే.

ప్రోగ్రాం చాలా సులువు. తెర మీద ఒక విండో, అందులో 'పిలుపు' అని ఒక బటన్. నొక్కితే వంతు వచ్చిన రైతు పేరు యార్డు స్పీకర్లో వినిపిస్తుంది. నిమిషంలోగా బండి కాటా ఎక్కకపోతే ఆ పేరు వరస చివరికి వెళ్లిపోతుంది.

బటన్‌కి ఇదంతా ఎలా తెలుసని మీరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. బటన్‌కి ఏమీ తెలియదు. 'నిన్నెవరైనా నొక్కితే నాకు కబురు చెయ్యి' అని దాని దగ్గర ముందుగా పేరు రాయించుకున్నవాడు ఒకడుండాలి. వాణ్ణి లిజనర్ అంటాం, అంటే వినేవాడు. నొక్కగానే వాడికి కబురు వెళ్తుంది, పని వాడు చేస్తాడు. వినేవాడు లేని బటన్‌ని ఎన్నిసార్లు నొక్కినా గోడని నొక్కినట్టే.

నాకు కావలసిందల్లా మీ గొంతు. యార్డుకి వచ్చే రైతుల పేర్లన్నీ, ఊళ్లతో సహా, క్యాసెట్టులో చెప్పి పంపగలరు. ఆ యార్డులో మీ గొంతు అంత అలవాటైన గొంతు ఇంకొకటి లేదు కదా.

అక్కని అడిగినట్టు చెప్పండి.

మీ విధేయుడు
లోవరాజు

*

అనకాపల్లి
16 నవంబరు

ఒరే లోవరాజూ,

'గౌరవనీయులైన బావగారు' అని చూసి, పక్కింటి ఉత్తరం పొరపాటున మా ఇంట్లో పడిందనుకున్నాను. మీ అక్కకి ఇస్తే ఆవిడ చదివి, "మీకేనండీ. ఊరు మారితే మర్యాద అంటుకుంటాది కావాల" అంది. నీకు అంటుకున్నది మర్యాదో గజ్జో అమీర్‌పేటలో మంచి డాక్టరుకి చూపించు.

ఫోన్ చెయ్యొచ్చు కదా, ఈ రాతలెందుకని అడగకు. ఎస్టీడీ బూత్‌లో మీటరు ఎర్రగా పరిగెడుతుంటే నాకు తిట్లు నోటికి రావు. తిట్టకుండా బావమరిదితో మాట్లాడటం ఉప్పు లేని చారు.

నీ లిజనర్ సంగతి నాకు పూర్తిగా బోధపడింది. నేను తప్పింది టెన్తేగాని తెలివి కాదు. మీ అక్క వంటింట్లోంచి "నీళ్లు పట్టండీ" అని నొక్కుతుంది. నేను పేరు రాయించుకోలేదు. గోడని నొక్కినట్టే. ఇదే శాస్త్రం ఆవిడకి కూడా వివరించాను. ఆవిడ చెంబు అందుకుని ఇంకో రకం బటన్ నొక్కింది. దానికి మాత్రం నాలోపల ఎవడో వెంటనే పలికాడు.

క్యాసెట్లు ఈ ఉత్తరంతో పాటే పార్సిల్ చేశాను. పక్కింటి టేప్‌రికార్డరు తెచ్చి, తలుపులు మూసి, మీ అక్కని కాపలా కూర్చోబెట్టుకుని చెప్పాను. సగంలో ఆవిడకి నిద్ర పట్టింది. అక్కడక్కడ గురక వినబడితే అది రైతు పేరు కాదు, మీ అక్క.

ఒక్క అనుమానం. నా గొంతు పెట్టెలో పెట్టేశాక, మిగిలిన నన్ను ఎక్కడ పెడతారు? సరదాకే అడిగాను. సమాధానం మాత్రం సరదాగా రాయకు.

నానాజీ

*

అమీర్‌పేట
30 నవంబరు

బావగారికి నమస్కారాలు.

క్యాసెట్లు అందాయి. గొంతు చాలా స్పష్టంగా ఉంది, మా ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. అయితే కొన్ని చోట్ల కత్తిరించవలసి వచ్చింది. 'కొండకర్ల పోతన్న' తరవాత 'చుట్ట ఆర్పి రా, చెరకంటుకుంటాది' అన్నది తీసేశాను. దేముడు అనే రైతు పేరు తరవాత మీరు చెప్పిన దణ్ణం కూడా తీసేశాను. ఎర్రయ్య పేరు తరవాత మీరు అన్న మాట మా సీనియర్ కూడా విన్నాడు, ఆయనకి తెలుగు రాకపోవడం వల్ల బతికిపోయాను.

వచ్చే నెలలో రెండు రోజులు వచ్చి యార్డు కంప్యూటర్లో ప్రోగ్రాం ఎక్కించి వెళతాను. సీజన్ మొదలయ్యాక సంతకం అయ్యేదాకా మీరే నడపాలి.

మీ ఇతర అనుమానాల గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

లోవరాజు

*

అనకాపల్లి
11 జనవరి 2004

బావమరిది ఇంజనీరు గారికి,

నువ్వు వచ్చావు, ప్రోగ్రాం ఎక్కించావు, మీ అక్క చేసిన అరిసెలు సంచిలో పోసుకుని రైలెక్కావు. కలిసినప్పుడు మాట్లాడుకుందామన్న మాట మాత్రం మాట్లాడలేదు. నోట్లో అరిసె ఉంది కాబోలు అనుకున్నాను.

నీ ప్రోగ్రాం మాత్రం బంగారం. మొదటి రోజు జరిగింది విను. పొద్దున్నే విండో తెరిచి బటన్ నొక్కాను. 'కొండకర్ల పోతన్నా, కాటా!' అని నా గొంతు స్పీకర్లో మోగింది. పోతన్న బండి నీడలో కూర్చుని, "మొదలెట్టేడ్రా నానాజీ బావ" అని చుట్ట ముట్టించాడు. ఎవడూ లేవలేదు.

ఎందుకు లేస్తారు? మా యార్డు సంగతి నీకు తెలియదు. ఇక్కడ మొదటి పిలుపు నాది, మూడో పిలుపు మిల్లుది. మైకు చేతికొచ్చిన కొత్తలో ఊరికే కూర్చోలేక, వంతు రానివాళ్లని కూడా పిలిచేవాణ్ణి. "ఎర్రయ్యా, నీ ఎడ్లు కాటా ఎక్కేసినాయి, నువ్వేటి ఇంకా టీ తాగుతున్నావు?" అంటే ఎర్రయ్య గ్లాసు విసిరేసి పరిగెత్తేవాడు. ఎడ్లు ఎక్కడున్నవి అక్కడే నెమరేస్తూండేవి. యార్డంతా నవ్వులు. సీజన్ తిరిగేసరికి అందరూ తెలివి మీరారు. నానాజీ మొదటి పిలుపు సరదా, రెండోది అనుమానం, మూడోది నిజం. మొదటి దానికి లేచినవాణ్ణి ఆ రోజంతా 'కొత్త పెళ్లికొడుకు' అంటారు. కాటా దగ్గర పరువు పోవడం కంటే చెరకు పోవడం నయం అనుకునే జాతి మాది.

సరే, మిషను మొరాయించిందనుకుని విండో మూసి మళ్లీ తెరిచాను. నొక్కితే ఈసారి రెండుసార్లు పిలిచింది! పోతన్న తువ్వాలు దులిపాడు. మళ్లీ మూసి తెరిచాను. ఒక్క నొక్కుకి మూడు పిలుపులు! పోతన్న లేచి ఎడ్లని కట్టాడు. ఆ రోజు నుంచి, పొద్దున్న కంప్యూటర్ పెట్టగానే విండో మూసి మూసి మూడుసార్లు తెరుస్తాను, పూజకి ముందు ఆచమనంలాగ. ఆ తరవాత సాయంత్రం దాకా మూడేసి పిలుపులు. అమీర్‌పేటలో పుట్టిన మిషను అనకాపల్లి మర్యాద ఒక్క పూటలో నేర్చేసుకుంది. నీకంటే నయం.

త్రినాధరావు గారు మహా సంతోషంగా ఉన్నారు. ఎంత సంతోషమంటే, నిన్న నా భుజం మీద చెయ్యి వేశారు. "నానాజీ, సంతకాలయ్యాక ఆ మైకు స్టోర్‌రూములో పెట్టించెయ్యి. ఆఫీసులో కూర్చుని బటన్ ఇందు నొక్కుతుంది. నువ్వు గేటు దగ్గరుందువుగాని. జీతం తగ్గించంలే" అన్నారు. ఇందు అంటే మా ఆఫీసులో కంప్యూటర్ అమ్మాయి, మంచి పిల్ల. గేటు దగ్గర ఇచ్చేది ఈల. మైకు పట్టిన మూతికి ఈల.

ఈ సంగతి నువ్వు రాయడం మరిచిపోయినట్టున్నావు. అరిసెలు అరిగాయా?

నానాజీ

*

అమీర్‌పేట
18 జనవరి

బావా,

నీ ఉత్తరం చదవగానే ప్రోగ్రాం తీసి చూశాను. అది మర్యాద నేర్చుకోవడం కాదు, నా తప్పు.

లిజనర్ పేరు రాయించే మాటని నేను విండో పుట్టేటప్పుడు ఒక్కసారి జరిగేలా రాయాలి. పొరపాటున విండో తెరుచుకునే చోట రాశాను. నువ్వు తెరిచినప్పుడల్లా కొత్తవాడొకడు వచ్చి అదే బటన్ దగ్గర పేరు రాయించుకుంటున్నాడు. పాతవాడు పోవడం లేదు. మూడుసార్లు తెరిస్తే ముగ్గురయ్యారు. ఒక్క నొక్కుకి ముగ్గురికీ కబురు వెళ్లి, ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు అదే పేరు పిలుస్తున్నారు. పదిసార్లు తెరిస్తే పదిమంది అరుస్తారు. మా సీనియర్ దీన్ని చూశాడా, నా పని అయిపోయినట్టే. ఆయన దృష్టిలో ఇది మొదటి నెల కుర్రాడు చేసే తప్పు.

సరిచేసి సీడీ పంపుతున్నాను. ఇందుకిచ్చి ఎక్కించు. ఇకనుంచి ఎన్నిసార్లు తెరిచినా ఒక్కడే వింటాడు, ఒక్కసారే పిలుస్తాడు.

మొదటి పిలుపుకి ఎవరూ లేవరని రాశావు. దాన్ని మా దగ్గర యూజర్ ట్రైనింగ్ అంటారు. 'ఒక్క పిలుపుకే రావలెను' అని ఒక బోర్డు పెట్టించు. నాలుగు రోజుల్లో అలవాటు పడతారు.

మైకు సంగతి నాకు ముందే తెలుసు బావా. ఆర్డరు కాగితంలోనే ఉంది. రాద్దామని కూర్చుంటే చెయ్యి సాగలేదు. జీతం తగ్గించవద్దని మాత్రం త్రినాధరావు గారిని నేనే బతిమాలుకున్నాను. గేటు దగ్గర నీడ కూడా ఉంటుంది కదా.

లోవరాజు

*

అనకాపల్లి
27 జనవరి

గౌరవనీయులైన లోవరాజు గారికి,

తమరు పంపిన సీడీ అందినది. తమరు చెప్పినట్టే ఇందుకిచ్చి ఎక్కించడమైనది. బోర్డు కూడా రాయించి కాటా ఎదురుగా పాతించడమైనది. సంతకం రోజు వరకు పాత పద్ధతిలో మైకు మీదే పిలుస్తాను, తమరి ప్రోగ్రాంని అనవసరంగా అలసట పెట్టడం దేనికి.

మీ అక్క, "ఆడేది సెప్తే అది సెయ్యండి, అడ్డం తిరక్కండి" అంది. అడ్డం తిరిగే మనిషిలా కనిపిస్తున్నానా? తమరు చెప్పినది చెప్పినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేశాను. తరవాత ఎవరూ నన్ను ఒక్క మాట అనడానికి లేదు.

ఇట్లు, గేటు దగ్గర నీడ కోసం ఎదురుచూస్తున్న
నానాజీ

*

అమీర్‌పేట
3 ఫిబ్రవరి

బావా,

నీ ఉత్తరం మర్యాద చూస్తే భయం వేస్తోంది. నువ్వు 'గారు' అన్నప్పుడల్లా మన వీధిలో ఎవడికో ఒకడికి చెప్పు దొరికేది కాదు.

వచ్చే మంగళవారం మా సీనియర్ ఒక్కడే యార్డుకి వస్తున్నాడు. నన్ను రావద్దన్నాడు. తాను స్వయంగా చూసి, బాగుంటే త్రినాధరావు గారి సంతకం తీసుకుని వస్తానన్నాడు. బాగా లేకపోతే ఏం చేస్తాడో చెప్పలేదు. నిన్న నా పక్క సీటు అబ్బాయి ప్రొబేషన్ ముగించేశారు. మధ్యాహ్నం అన్నానికి వెళ్లి వచ్చేసరికి వాడి కుర్చీలో ఇంకొకడున్నాడు.

అంతా ఒకసారి నడిపి చూశావు కదా? ఒక్క ముక్క రాయి.

లోవరాజు

*

అనకాపల్లి
11 ఫిబ్రవరి

ఒరే లోవరాజూ,

నువ్వడిగిన ఒక్క ముక్క రాయలేదు, కావాలనే. ఇప్పుడు చాలా ముక్కలు రాస్తున్నాను, కూర్చుని చదువు.

ఆ సీడీ వేస్తే ఏమవుతుందో నాకు ముందే తెలుసు. ఒక్క పిలుపుకి మా వాళ్లు లేవరు. మీ పెద్దాయన ముందు నీ ప్రోగ్రాం బోర్లా పడుతుంది, స్టోర్‌రూముకి వెళ్లాల్సిన మైకు నా చేతికి తిరిగొస్తుంది. పైగా నేను చేసింది నువ్వు చెప్పిన పనే. మీ అక్క కూడా నోరెత్తడానికి లేదు. ఇంత శుభ్రమైన సరదా నా జన్మలో దొరకలేదురా.

మంగళవారం మీ పెద్దాయన వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. ఆఫీసులో ఇందు పక్కన కూర్చున్నాడు. నన్ను అప్పుడే గేటు దగ్గర నిలబెట్టేశారు, ఈలతో సహా. ఇందు నొక్కింది. 'కొండకర్ల పోతన్నా, కాటా!' నా గొంతు నాకు దూరం నుంచి వినబడటం అదే మొదటిసారి. బాగానే ఉందిరా, కొంచెం గర్వం ఎక్కువైంది గాని.

పోతన్న తువ్వాలు నువ్వు పెట్టమన్న బోర్డు మీద ఆరేసి ఉంది. దాని కింద కాళ్లు చాపుకుని, "ఉదయాన్నే ఊసులాడతన్నాడు బావ" అన్నాడు. నిమిషం అయింది. పోతన్న పేరు వరస చివరికి పోయింది. తరవాత ఎర్రయ్య. కదల్లేదు. దేముడు. తల కూడా ఎత్తలేదు. అప్పలరాజు ట్రాక్టరు మీద పడుకునే ఉన్నాడు. పేర్లన్నీ చివరికి పోయి, తిరిగి పోతన్న మొదటికొచ్చాడు. కాటా మీద కాకి వాలింది. త్రినాధరావు గారు నుదురు తుడుచుకున్నారు. నేను గేటు దగ్గర మహారాజులా నిల్చుని ఈల తుడుచుకున్నాను.

అప్పుడు మీ పెద్దాయన కాగితం మీద ఏదో రాసి, "ఎవరు రాశారిది?" అని ఇందుని ఇంగ్లీషులో అడిగాడు. ఆ పిల్ల, "లోవరాజు అని, ఈ ఊరబ్బాయేనండీ" అంది. ఆయన "ఊ" అన్నాడు. కిటికీలోంచి నాకు వినబడింది.

ఆ 'ఊ' నాకు నచ్చలేదు. నిన్ను 'ఊ' అనే హక్కు ఈ భూమ్మీద నా ఒక్కడిది.

గేటు వదిలేసి యార్డులోకి పరిగెత్తాను. "ఒరే, నిజంగానే పిలుస్తున్నార్రా, లెగండి!" అన్నాను. పోతన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇయ్యాల కాళ్లతో కూడా ఆడతన్నాడ్రా" అన్నాడు. "మా అమ్మతోడు" అన్నాను. "మీ అమ్మ పోయి పదేళ్లయింది మావా, ఆవిడ మీద ఒట్టేత్తే ఎవులికి నట్టం?" అన్నాడు దేముడు. నేను ఎంత బతిమాలితే వాళ్లకి అంత నవ్వు. ఎర్రయ్యకి దగ్గొచ్చింది. నా జన్మలో మొదటిసారి నిజం చెబుతున్నాను, ఇంత బాగా నవ్వించిన సరదా ఇంకొకటి లేదు.

ఇక లాభం లేదని స్పీకరు పెట్టిన షెడ్డు వెనక్కి పోయాను. లోపల ఇందు నొక్కింది, 'పోతన్నా, కాటా!' అని మిషను మొదటిది పిలిచింది. గోడవతల నిల్చుని, నరాలు తెగేలా రెండోది నేను అరిచాను. మూడోదీ నేనే. అదే గొంతు కదా, తేడా ఎవరికి తెలుస్తుంది. పోతన్న లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. బండి కాటా ఎక్కింది. తరవాత ఎర్రయ్య, తరవాత దేముడు. మధ్యాహ్నం దాకా మొదటిది మిషను, మిగతా రెండూ నేను.

"మూడుసార్లు రిపీట్ పెట్టాడన్నమాట, గుడ్" అన్నాడట మీ పెద్దాయన. ఇందు కిటికీలోంచి నన్ను చూసింది. చూసి, కిటికీ రెక్క కాస్త దగ్గరగా వేసింది. మంచి పిల్లని ముందే రాశాను.

సంతకం అయింది. నీ కుర్చీ నీది. మైకు స్టోర్‌రూములో మూట కట్టి పెట్టారు. నేను ఒక చెవి గేటు మీద, ఒక కాలు షెడ్డు వెనక వేసుకుని బతుకుతున్నాను. ఎవరూ పెట్టని ఉద్యోగం, ఎవరికీ తెలియని ఉద్యోగం.

నానాజీ

*

అమీర్‌పేట
20 ఫిబ్రవరి

బావా,

ఉద్యోగం ఖాయమైన కాగితం ఇచ్చారు. అందరూ చేతులు కలిపారు. నేను బాత్రూములోకి వెళ్లి కాసేపు నీళ్లు వదిలి కూర్చున్నాను.

బోర్డు పెట్టమని రాసిన నా చేతిని ఏం చెయ్యాలో తెలియడం లేదు. నువ్వు మీ వాళ్ల సంగతి పేజీ నిండా రాసి పంపితే, నేను దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టి పక్కన పెట్టేశాను. నువ్వు నన్ను బోర్లా పడెయ్యాలనుకోవడంలో తప్పేమీ కనిపించలేదు నాకు. నీ మైకు తీసేవాడు నీ బావమరిదే అయితే నీకైనా ఇంకేం మిగిలింది.

ఈ ఉత్తరంతో ఇంకో సీడీ వస్తుంది. ఇందులో వినేవాడు ఒక్కడే, కాని వాడు మూడుసార్లు పిలుస్తాడు. ఈసారి తెలిసే రాశాను. ఇది వేస్తే షెడ్డు వెనక నీ అవసరం ఉండదు. వెయ్యకపోతే ఎవరూ అడగరు. ఆఫీసులో 'పెండింగ్ ఏమీ లేదు' అని రాసి ఇచ్చేశాను. నిన్ను పూర్తిగా తీసేసే మాట నా చేత్తో నొక్కలేను. అది నీ ఇష్టం.

గొంతు జాగ్రత్త. అక్క ఫోన్లో చెప్పింది, రాత్రిళ్లు మిరియాల పాలు తాగుతున్నావట.

నీ
లోవరాజు

*

అనకాపల్లి
21 మార్చి

ఒరే లోవరాజూ,

నీ సీడీ అందిన రోజునే బియ్యం డబ్బా కింద పెట్టేశాను. మీ అక్క అడిగితే ఏదో సినిమా అన్నాను. "పెట్టండి సూద్దాం" అంది. బాగోదన్నాను.

అది అక్కడే ఉండేది. ఈలోగా సబ్బవరంలో మీ పెద్దమ్మ మనవరాలి ఓణీల ఫంక్షనుకి వెళ్లాం. వెళ్లకపోతే మీ అక్క నన్ను ఓణీలో మూట కట్టేసేది. ఆ రోజు యార్డులో మొదటి పిలుపు మాత్రమే ఉంది. రెండోదీ మూడోదీ సబ్బవరంలో బూందీ తింటున్నాయి. మధ్యాహ్నానికి త్రినాధరావు గారే మెడలు పట్టినంత పని చేసి బళ్లు కాటా ఎక్కించారట. పోతన్న మాత్రం నమ్మలేదు. "మేనేజరు చేత కూడా ఆడించేత్తన్నాడ్రా నానాజీ బావ" అని కూర్చుండిపోయాడట. సాయంత్రం కాటా మూసేశారు. ఆ రాత్రీ మర్నాడూ అతని చెరకు బండి మీదే ఎండింది. ఎండిన చెరకు బరువు ఎంత తగ్గుతుందో నీ కంప్యూటర్‌కి తెలియదుగాని పోతన్న ఇంటికి తెలుస్తుంది.

మర్నాడు వెళ్లి అతని ముందు నిలబడ్డాను, తిడతాడని. తిట్టించుకోవడానికి తయారై వెళ్లాను కూడా. "నీ తప్పేటుంది బావా. నువ్వు సరదా మనిసివి. మేవే సూసుకోవాల" అన్నాడు. నవ్వకుండా అన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఏమయ్యేది?

నేనేమీ బాధపడలేదు. ఆ పూట అన్నం తినలేదంటే ఫంక్షను బూందీ అరగక. సాయంత్రం బియ్యం డబ్బా జరిపి, సీడీ తీసుకెళ్లి ఇందుకిచ్చాను. "ఇది వేత్తే ఏటవుతాది మావయ్యా?" అని అడిగింది. "నాకు గొంతు నొప్పి తగ్గుతాది" అన్నాను. ఆ పిల్ల నా మొహం వంక చూసి, వేసింది.

ఇక అసలు సంగతి విను. నువ్వు నమ్మవు.

మిషను మూడుసార్లు పిలుస్తోంది. వారం రోజులు మూడో పిలుపుకి లేచారు. తరవాత రెండోదానికి లేచారు. ఇప్పుడు మొదటిదానికే లేచి ఎడ్లు కట్టేస్తున్నారురా! రెండోది పిలుస్తుంటే, "ఇనబడిందిలే, అరవకు" అని స్పీకరుని కసురుతున్నారు. కొత్త పెళ్లికొడుకు అనేవాడే లేడు. మొన్న దేముణ్ణి గేటు దగ్గర ఆపి, "ఏట్రా, మొదటి పిలుపుకే పరిగెడతన్నావు, పరువు లేదా?" అని అడిగాను. "పిలిసింది నువ్వు కాదు గదా మావా, మిషను. దానికి సరదాలేటి తెలుస్తాయి" అన్నాడు. తీరా చూస్తే అది నా గొంతే. నేను అరిస్తే అబద్ధం, అదే గొంతు పెట్టెలోంచి వస్తే వేదం.

త్రినాధరావు గారు మీ కంపెనీకి రాయబోతున్నారు, మూడు పిలుపులు దండగ, ఒకటి చాలని. అంటే నువ్వు జనవరిలో పంపిన సీడీయే సరైనదన్నమాట. పాపం, రెండు నెలలు ముందొచ్చింది. మీ యూజర్ ట్రైనింగ్ కూడా అయిపోయింది, పోతన్న చెరకు ఖర్చుతో.

గేటు ఉద్యోగం సుఖంగానే ఉంది. నీడ ఉంది. ఈల ఊదితే లారీలు ఆగుతాయి. నాతో ఎవరూ ఏమీ అనరు, నేను చెప్పినదానికి ఎవరూ నవ్వరు. యార్డు మాత్రం మరీ నిశ్శబ్దంగా తయారైంది. ఎవడి వంతుకి వాడు లేస్తాడు, తూస్తాడు, పోతాడు. చెరకు కాటాలా లేదు, బ్యాంకులా ఉంది.

అందుకని ఒక పని చెప్తున్నాను. ఆ ఒక్క పిలుపు సీడీ ఎలాగూ నువ్వే రాస్తావు కదా. అందులో ఒక్క అబద్ధం పెట్టు. రోజూ వద్దు. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియకూడదు, ఇందుకీ, నాకూ. ఇంకా వంతు రానివాణ్ణి పిలవకు, ఎండలో చెరకు ఉన్నవాణ్ణి అసలే పిలవకు. తూకం అయిపోయి, బండి ఖాళీ అయిపోయి, చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి బయల్దేరినవాణ్ణి మాత్రమే పిలువు. వాడికి పోయేదేమీ ఉండదు. క్యాసెట్టులోంచి నువ్వు కత్తిరించిన ముక్కలు పారేశావా, దాచావా? పారేస్తే చెప్పు, మళ్లీ చెప్పి పంపుతాను. పక్కింటి టేప్‌రికార్డరు బాగానే ఉంది, నా గొంతు కూడా కుదుటపడింది.

మొదటిది పోతన్న మీద వెయ్యి. అతను నవ్వాడంటే గేటు దాకా వినబడుతుంది.

నీ బావ
నానాజీ